కురోన్‌కు గోధుమ పడదు

కార్జం ఉడికిందో లేదో బుబుకాన్ చాకు గుచ్చి చూసింది. నెత్తురు రాలేదు. గొర్రె కార్జాన్ని గిన్నెలోంచి తీసి చల్లారబెట్టి, గుమ్మడికాయ తురమడం మొదలుపెట్టింది. మెదిపిన కార్జంలో రెండు పిడికిళ్ళ తురుము, రెండు గుడ్లు, ముద్దకు ఎంత పడితే అంత శనగపిండి. ఉప్పు వెయ్యకూడదు, ఉల్లి వెయ్యకూడదు. గోధుమ, బార్లీ, ఓట్లు, మొక్కజొన్న, ఏ ధాన్యం పిండీ తగలకూడదు. పశువుల డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని పొయ్యి పక్క గోడకు మేకుతో కొట్టుకుంది. అందులోని ప్రతి మాటా కంఠతా వచ్చు. అయినా ఎక్కడ పొరపాటు దొర్లుతుందోనన్న భయంతో ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదువుకుంటుంది.

పాత పీట వాడదు. నలభై ఏళ్ళుగా రొట్టెల పిండి పిసికిన పీట అది, ఎంత గీకినా చెక్క సందుల్లో గోధుమ ఉండిపోతుందని కుక్క బిస్కెట్ల కోసం కొత్తది కొనుక్కుంది. అప్పడాల కర్ర వేరు, రేకు వేరు, చివరికి చేతులు తుడుచుకునే గుడ్డ కూడా వేరే. ముద్దను వేలి మందాన ఒత్తి, భర్త జెక్షెన్ వోడ్కా తాగిన చిన్న గాజు గ్లాసును బోర్లించి బిళ్ళలు కోసింది. రేకు నిండా పేర్చి ఓవెన్‌లో పెట్టింది. కాసేపటికి ఇల్లంతా కార్జం వాసన కమ్ముకుంది. ఆ వాసన బాగుందా లేదా అన్నది ఆమెకు తెలియలేదు. ఈమధ్య ఏ వాసనా అలాగే ఉంటోంది.

జెక్షెన్ పోయి ఏడు నెలలు. చావు ఇంట్లో ఆడవాళ్ళు గోడకు ముఖం పెట్టుకుని శోకం పాడాలి. ఆమె పాడింది. ఒక్క మాట తప్పలేదు, కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. కాలికి తిమ్మిరెక్కినప్పుడు అది మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది ఒళ్ళంతా.

కురోన్ జెక్షెన్ వేటకుక్క. ఎర్రమట్టి రంగు, సన్నని నడుము, పొడవాటి కాళ్ళు. పిల్లగా ఉన్నప్పుడే గోధుమ తింటే ఒళ్ళు మండి, పొట్ట కింద వెంట్రుకలు రాలిపోయేవి. జెక్షెన్ ఉన్నన్నాళ్ళూ వేటమాంసం తప్ప మరొకటి ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక మాంసం రావడం తగ్గింది. కుక్క గోక్కోవడం మొదలైంది. డాక్టరమ్మ చూసి, ధాన్యం పూర్తిగా మానిపించమని చెప్పి, బిస్కెట్లు చేసే పద్ధతి రాసిచ్చింది. బుబుకాన్ మే నెల నుంచి చేస్తూనే ఉంది. కుక్క గోక్కుంటూనే ఉంది.

సెప్టెంబరులో మరిది సాగిన్ సరస్సు అవతలి ఒడ్డున ఉన్న తోసోర్ ఊరి నుంచి వచ్చాడు. ఆయనా వేటగాడే. కురోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట చూశాడు.

"వదినా, ఇది వేటకుక్కా, గజ్జి పట్టిన నక్కా?"

"తగ్గుతుంది."

"వేసవి మొదట్లోనూ ఇదే మాట అన్నావు. మా ఇంటికి పంపించు. అక్కడ మాంసం తప్ప ఇంకోటి దొరకదు. నెల తిరిగేసరికి నున్నగా అవుతుంది."

"మొదటి మంచు పడేదాకా ఉండనీ. అప్పటికీ తగ్గకపోతే తీసుకుపో."

"మాటేనా?"

"మాటే."

కుక్క మీద తనకు ప్రేమ ఉందో లేదో బుబుకాన్ చెప్పలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ ఇంటి గేటు ఆమె చాలాసార్లు తెరిచింది. తమ దగ్గర ఉన్న తమ్ముడు సైన్యానికి వెళ్ళిన రోజు తెరిచింది, వాడు తిరిగి రాలేదు. ఇద్దరు కూతుళ్ళను అత్తారిళ్ళకు పంపినప్పుడు తెరిచింది. ఏప్రిల్‌లో జెక్షెన్‌ను మగవాళ్ళు భుజాల మీద మోసుకెళ్తుంటే గేటు రెండు రెక్కలూ తెరవాల్సి వచ్చింది. వెళ్ళేవాళ్ళ కోసం ఇంకొక్కసారి ఆ గడియ తీయడం తన వల్ల కాదు. అంతే.

మొదటి మంచు బుధవారం పడింది. ఆ సాయంత్రమే సాగిన్ ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తున్నా వదినా."

శుక్రవారం పొద్దున బిస్కెట్లు చల్లారాక పళ్ళెంలో వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. కంచె అవతల పక్కింటి ఊరుమ్కాన్ తన ఆవు దగ్గర పాల బకెట్ పట్టుకుని నిలబడింది. ఆమె కూడా భర్త పోయిన మనిషే. నోరు మాత్రం చాలా పెద్దది.

"ఏమే, ఖాన్‌గారికి ఇవాళ ఏం వడ్డన?"

"నీ పని నువ్వు చూసుకో."

"మా నాన్న కుక్కలు తవుడంబలి తాగి తోడేళ్ళను తరిమాయి. మీవాడేమో గుమ్మడికాయ తింటాడు! రేపు పరుపు అడుగుతాడు, ఎల్లుండి పెళ్ళాన్ని అడుగుతాడు."

"అడిగితే నీ ఇంటికి పంపిస్తాలే."

ఊరుమ్కాన్ పడీపడీ నవ్వింది. బుబుకాన్ నవ్వకుండానే వంగి బిస్కెట్లు గిన్నెలో వేయబోయి ఆగిపోయింది. గిన్నె అడుగున తెల్లగా ఏదో ఉంది. వేలితో తీసి చూసింది. రొట్టె పొడి. పక్కనే గోరంత పెచ్చు కూడా.

ఇన్ని నెలల నుంచి ఎంత చేసినా తగ్గకపోవడానికి కారణం ఇదన్నమాట. ఎవరో పెడుతున్నారు. ఈ గుమ్మడికాయ తిండేమిటని రోజూ కంచె మీద నుంచి ఎగతాళి చేసే మనిషి ఒక్కతే.

"ఊరుమ్కాన్, ఇలా రా."

ఆ గొంతు విని ఊరుమ్కాన్ బకెట్ కింద పెట్టి వచ్చింది. బుబుకాన్ అరచెయ్యి చాపి చూపించింది.

"ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు?"

"ఏంటి?"

"రొట్టె. నా కుక్కకు."

"నేనా? నా ఇంట్లో మిగిలిన ముక్కలు నా ఆవుకే చాలడం లేదు, నీ కుక్కకెందుకు వేస్తానే?"

"మరి ఆకాశం నుంచి పడిందా? ఎల్లుండి సాగిన్ వచ్చి దీన్ని తీసుకుపోతాడు. నీ కళ్ళు చల్లబడతాయిలే."

ఊరుమ్కాన్ వంగి గిన్నెలోకి చూసింది.

"నువ్వు నిజంగానే అడుగుతున్నావా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏమే బుబుకాన్, పూటపూటా నువ్వే కదే దులుపుతావు! తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ బట్ట మూటలా పట్టుకొస్తావు, ఇదిగో ఈ గిన్నె మీదే దులుపుతావు, మడిచి చంకలో పెట్టుకుని లోపలికి పోతావు. మూడు పూటలా చూస్తూనే ఉన్నా. ఒక చేత్తో బిస్కెట్లు, ఇంకో చేత్తో రొట్టె, ఇదేం వైద్యమో అని నవ్వుకున్నా కూడా."

"అబద్ధం."

"అయితే మధ్యాహ్నం నీ చేతుల్ని నువ్వే చూసుకో."

మధ్యాహ్నం బుబుకాన్ నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి రొట్టె తుంచుకుని టీ తాగింది. చూసుకుందామనే కూర్చుంది. బట్ట మీద రాలిన పొడిని చూసింది, తన చేతుల్ని చూసింది. మధ్యలో ఆదివారం గుర్తుకొచ్చింది. కురోన్‌ను జీపు వెనక సీటులో ఎక్కిస్తారా, తాడుతో కడతారా అని ఆలోచించింది. మళ్ళీ ధ్యాస వచ్చేసరికి పెరట్లో మంచులో నిలబడి ఉంది. చేతుల్లో దస్తర్‌ఖాన్ నాలుగు అంచులూ వదులుగా వేలాడుతున్నాయి. కురోన్ గిన్నెలో మూతి పెట్టి నాకుతోంది.

కంచె అవతల ఊరుమ్కాన్ నిలబడే ఉంది.

"నిజమే," అంది బుబుకాన్.

రొట్టె పొడిని చెత్తలో వెయ్యరు, కాలి కింద పడనివ్వరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నలభై మూడేళ్ళు ఆమె దాన్ని కోళ్ళకే దులిపింది. వంటింటి గుమ్మం నుంచి పదకొండు అడుగులు, కట్టెల కొట్టం పక్కన కోళ్ళ తొట్టి. జెక్షెన్ నలభయ్యో రోజు భోజనాలకు కోళ్ళన్నీ అయిపోయాయి. తొట్టి ఉన్నచోట ఎండ బాగా పడుతుందని కుక్క గిన్నె అక్కడ పెట్టింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె కాళ్ళకు తెలియలేదు. మనసు ఎక్కడో ఉన్న ఇన్ని నెలలూ కాళ్ళు ఆ పదకొండు అడుగులూ నడుస్తూనే ఉన్నాయి.

కురోన్ తల పట్టుకుని గిన్నె దగ్గర నుంచి పక్కకు లాగింది. గుండె దడ పుట్టాల్సిన సమయం అనుకుంది. పుట్టలేదు.

ఆదివారం పది గంటలకు సాగిన్ జీపు గేటు బయట ఆగింది. గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి వచ్చి, నేరుగా కుక్క దగ్గరకు వెళ్ళి, ముందుకాలు ఎత్తి చంక చూశాడు. ఎర్రగా, తడిగా ఉంది.

"మాట గుర్తుంది కదా వదినా."

"ఉంది. పది రోజులు ఆగు."

"సెప్టెంబరు నుంచి రెండు నెలలు ఆగాను. వేట మొదలై వారమైంది."

"అప్పుడు ఎవరు పెడుతున్నారో తెలియదు. ఇప్పుడు తెలిసింది."

"ఎవరు?"

ఊరుమ్కాన్ పేరు చెప్పినా నమ్ముతాడు. ఊరి పిల్లలని చెప్పినా, ఎలుకలని చెప్పినా నమ్ముతాడు. బుబుకాన్ తన రెండు చేతులూ ముందుకు చాపింది.

"నేనే. దస్తర్‌ఖాన్ దాని గిన్నెలో దులుపుతున్నాను. రోజూ. నాకు తెలియకుండానే."

సాగిన్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం గట్టిపడింది.

"ఆరు నెలలా? అన్నయ్య కుక్కకు ఆరు నెలలు నువ్వే విషం పెట్టావా?"

"అవును."

"ఏడుపైనా రావడం లేదా నీకు?"

"రావడం లేదు."

సాగిన్ టోపీ తీసి, జుట్టు నిమురుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడే కంచెలోని ఊడిన చెక్కను పక్కకు జరిపి ఊరుమ్కాన్ లోపలికి వచ్చింది. చేతిలో పాలడబ్బా ఉంది కానీ అది ఎవరికోసం తెచ్చిందో ఆమెకే తెలియనట్టుంది.

"ఏం తమ్ముడూ, పొద్దున్నే వదిన మీద పడ్డావు?"

"నువ్వు మధ్యలోకి రాకు అక్కా."

"రాక? చూసింది నేను. చెప్పాల్సింది ముందే చెప్పకుండా నవ్వుకున్నదీ నేనే. ఆ లెక్కన సగం తప్పు నాది. నీకు నక్కల వేటకు కుక్క కావాలి, ఆ మాట చెప్పు. విషం గిషం అనకు."

"తనకు తెలియకుండానే దులుపుతున్నానని ఆమే అంటోంది. ఈ రోజు మానుతుంది, రేపు మళ్ళీ మరిచిపోతుంది. కుక్క చచ్చిపోతే?"

"గిన్నె చోటు మారుస్తాను," అంది బుబుకాన్.

"గిన్నె ఎక్కడున్నా నువ్వు అక్కడే దులుపుతావు, కుక్క అక్కడికే వచ్చి నాకుతుంది వదినా. నాకు నీమీద నమ్మకం లేదు. తప్పుగా అనుకోకు."

ఆమె తప్పుగా అనుకోలేదు. ఆమెకూ తన మీద నమ్మకం లేదు.

"మూడు పూటలా నేను వస్తా," అంది ఊరుమ్కాన్. "దస్తర్‌ఖాన్ నేనే ఎత్తుతా, తీసుకుపోయి నా ఆవుకు దులుపుతా. ఇంటి మనిషికి అలవాటు, బయటి మనిషికి కాదుగా. పది రోజులు. ఏమంటావు తమ్ముడూ?"

సాగిన్ వదిన వైపు చూశాడు.

ఏప్రిల్ నుంచి బుబుకాన్ ఒంటరిగానే తింటోంది. కూతుళ్ళు వస్తామన్నా వద్దంది. ఎదురుగా కూర్చుని నములుతూ మాట్లాడే మనిషిని తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కుతుంది. అందులోనూ ఊరుమ్కాన్, రోజుకు మూడుసార్లు.

"ఆమె నోరు నేను పడలేను," అంది.

"అయితే తాడు ఇవ్వు," అన్నాడు సాగిన్. "గేటు తియ్యి, జీపు లోపలికి తెస్తా."

కురోన్ ఇద్దరి మధ్యా నిలబడి వెనకకాలితో మెడ గోక్కుంటోంది. బుబుకాన్ గేటు గడియ వైపు చూసింది. దాని మీద బుధవారం పడిన మంచు ఇంకా అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

"రమ్మను," అంది.

"ఎవర్ని?"

"ఆమెనే. తిండికి రమ్మను."

సాగిన్ ఒక కప్పు టీ తాగి, చంకలకు రాయమని కొండల్లో దొరికే మార్మోట్ ఉడత కొవ్వు సీసా ఇచ్చి, ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "పది రోజులే, పదకొండో రోజు ఉండదు," అని రెండుసార్లు అన్నాడు.

ఊరుమ్కాన్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. కూర్చోగానే మొదలుపెట్టింది. ఆవు గురించి, కోడలి గురించి, బజారులో పిండి పురుగు పట్టడం గురించి. మధ్యలో పళ్ళెంలో ఉన్న కుక్క బిస్కెట్ ఒకటి తీసుకుని కొరికింది.

"థూ! ఉప్పేదే?"

"నీకోసం చేశానా?"

"ఇది తిని బతుకుతున్నాడంటే నిజంగా మంచివాడే మీవాడు."

టీ అయ్యాక బుబుకాన్ లేచింది. ఊరుమ్కాన్ అప్పటికే దస్తర్‌ఖాన్ అంచులు దగ్గరకు లాగేసుకుంది. బుబుకాన్ మాత్రం గుమ్మం దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి వచ్చింది. మూడోరోజు కూడా గుమ్మం దాకా వెళ్ళింది. అయిదోరోజు లేచి మళ్ళీ కూర్చుంది. ఊరుమ్కాన్ మాటల్లో సగం ఆమె వినలేదు. మిగతా సగానికి "ఊఁ" అంది.

పదోరోజు పొద్దున సాగిన్ ఫోన్ చేశాడు. "ఎలా ఉంది?"

"ఆగు, చూసి చెప్తా."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కురోన్ ఎండలో పక్కకు పడుకుని ఉంది. ముందుకాలు ఎత్తింది. ఎరుపు లేదు. చర్మం పొడిగా, పాలిపోయి ఉంది. దాని మీద గరుకుగా కొత్త వెంట్రుకలు వేలికి తగిలాయి. కుక్క కళ్ళు తెరవలేదు.

"వెంట్రుకలు వస్తున్నాయి," అంది.

"సరే. ఈసారి వేటకు ఇంకోదాన్ని చూసుకుంటాలే. ఉండనీ వదినా," అని పెట్టేశాడు.

బుబుకాన్ కాలు వదిలి, అక్కడే వంగి నిలబడింది. సంతోషం వస్తుందేమోనని కాస్త ఆగి చూసింది. ఏమీ రాలేదు. నడుం నొప్పిగా అనిపించింది, అది మాత్రం తనదే అనిపించింది. కంచె అవతల బకెట్ చప్పుడైంది. పాలు పితకడం అయిపోయినట్టుంది. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టి, రెండు కప్పులు కడిగింది.