కప్పు ఊపేదాకా

చాయ్ మీద పసుపు దుమ్ము… పల్చటి మీగడలా తేలుతోంది.

నా జుట్టులోంచి రాలిందే. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసేవాడికి కనురెప్పలు కూడా పసుపే. ఎంత కడిగినా పోదు.

సౌదీలో గావా కూడా పసుపే. గావా అంటే అక్కడి కాఫీ. పాలుండవు. యాలకుల వాసన, చేదు.

ఒక పెద్దింట్లో వచ్చినవాళ్లకు అది పోసే పని నాది. అక్కడొక పద్ధతి — తాగినవాడు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపాలి. ఊపితే ‘ఇక చాలు’ అని. ఊపేదాకా పోస్తూనే ఉండాలి.

పోసేవాడితో మాటలెందుకు.

ఆ ఇంటి డ్రైవర్‌ది ఇథియోపియా. కాఫీ పుట్టింది తమ కొండల్లోనే అనేవాడు. అమ్మ గింజలు వేయించే వాసన గురించి చెప్తూ చెప్తూ స్టీరింగ్ మీద తల వాల్చేవాడు.

కాఫీ పుట్టిన చోటివాడికీ నిద్ర తీరలేదు.

తిరిగొచ్చాను. నా భార్య సువర్ణ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, పక్కన చాయ్. ఆకు, తంబాకు, దారం… మళ్లీ ఆకు. కప్పు ఊపే సంగతి చెప్తే నవ్వింది.

"అట్లయితే నేను జిందగీల ఊపను. నువ్వు పోస్తనే ఉండు."

ఇప్పుడు ఆమె గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"చాయ్‌తోని అలసట పోదమ్మా," అంది దవాఖానలో డాక్టరమ్మ. "అలసట కూసునే పీట మీద చాయ్ కూసుంటది. అలసట బయటనే నిలవడ్తది. చాయ్ లేవంగనే లోపటికొస్తది. నీ గుండె ఇగ తట్టుకోదు. బంద్ చెయ్."

ఇంటికి, పెర్కిట్‌కు తిరిగొచ్చే ఆటోలో సువర్ణ మూతి తిప్పింది.

"ఆమె టేబుల్ మీద చాయ్ గ్లాసు నాకు కనవడలేదనుకున్నదా?"

అయినా మానేసింది. చాట మీదే కునుకు తీసింది. నిద్రలో చుట్టిన బీడీలు వదులు… కార్ఖానాలో పక్కన పడేశారు. ఇంకోసారి ఇట్లా అయితే ఆకు ఇచ్చేది లేదన్నారు.

ఈ పొద్దున కప్పు చాపింది.

"పొయ్యవయ్యా. కండ్లు మూతవడుతున్నయ్."

"డాక్టరమ్మ వద్దన్నది కదనే."

"డాక్టరమ్మ వచ్చి చుడ్తదా?"

పోశాను.

తాగింది. మళ్లీ చాపింది. చెయ్యి వణుకుతోంది. కప్పు అటూ ఇటూ… అటూ ఇటూ.

అది ఊపడం కాదు. నాకు తెలుసు.

కెటిల్ కింద పెట్టాను.

"ఊపినవ్," అన్నాను.

ఆమె నవ్వలేదు. కప్పు దించలేదు.

నేను నిలబడే ఉన్నాను. ఖాళీ కప్పు అడుగున, తడి మీద — పసుపు దుమ్ము…