మొగలి డొంకలో ఈల

మా జీడితోట చివర మొగలి డొంకలో ఒక దొంగమొహం పిట్ట ఉండేది. దాన్ని కంటితో చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. కాసేపు గోరింకలా కూసేది, కాసేపు కోడిపిల్లలా కీచుమనేది. తప్పిపోయిన కోడిపిల్లే అనుకుని మా అమ్మ రాజులమ్మ ఒకసారి ముళ్లలో చెయ్యి పెట్టి మోచేతిదాకా గీరుకుంది.

2004లో నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో అది ఇంటింటి గోడే, కొత్తగా చెప్పేదేముంది! పలాసలో రైలెక్కి విశాఖ ఆసుపత్రికి తిరగడంతోనే మనిషి సగమైపోయాడు. రోజుకు రెండు గ్లాసుల నీళ్లే తాగాలన్నారు. గొంతు పడిపోయింది గాని ఈల మాత్రం మిగిలింది. పందిట్లో మంచం మీద పడుకుని రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల వేసేవాడు. తోటలో జీడిపిక్కలు ఏరుతున్న అమ్మ పరుగున వెళ్లి, గుక్కెడు నీళ్లు కొలిచి పోసి వచ్చేది.

పది రోజుల్లో పిట్ట ఆ ఈల కూడా నేర్చేసింది. అమ్మ ఆయాసపడుతూ వెళితే నాన్న హాయిగా నిద్రపోతున్నాడు. లేచాక సంగతి విని నవ్వాడు.

"నాను పోయినా నీకు పిలుపు తప్పదే, రాజులూ."

ఒకరోజు మబ్బు పట్టింది. వాన పడితే పిక్కలు నల్లబడతాయి. అప్పటికే అమ్మ రెండుసార్లు ఈల విని వెళ్లి, ఉత్తినే తిరిగొచ్చింది. మూడోసారి వినపడగానే నడుం ఎత్తింది.

"మీ అయ్య పిలుత్తన్నాడే, కామాక్షీ."

"పిట్టేలే అమ్మా. ఎన్నిసార్లు ఎల్తావు? ముందు ఈ సెట్టు కింద కానీ."

అమ్మ నా మాట విని మళ్లీ వంగింది. ఈల ఇంకో నాలుగుసార్లు వచ్చి ఆగిపోయింది. పీడ వదిలిందని కూడా అన్నాను, నా నోరు పడిపోను!

బుట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్లేసరికి నాన్న మంచం మీద లేడు. తోట కంచె దగ్గర బోర్లా పడి ఉన్నాడు. మంచం నుంచి అక్కడిదాకా ఇసుకలో పాకిన చార ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

దినాలు అయ్యాక కత్తి పట్టుకుని డొంక మీదికి వెళ్లాను. అమ్మ అడ్డంగా నిలబడింది.

"దాన్ని కూడా తోలేత్తే నన్ను పిలిసీవోడెవడే?"

నన్ను తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఈల వినిపిస్తే చాలు, చేతిలో పని పారేసి నిండు చెంబు నీళ్లతో డొంక దగ్గరికి పరుగెడుతుంది. కొలిచి పోయడం మానేసింది. అది పిట్టేనని చెప్పడానికి నాకు నోరు రాదు.