మంగళవారం మోగని మోటారు

మూరీ రేవులో మంగళవారం ఎవరూ వేటకు పోరు. ఆ రోజు సముద్రానికి సెలవు, మోటార్లు బాగుచేసే నాకు మాత్రం చేతినిండా పని. పడవ యజమానురాలు మెన్సిమా తన పాత మోటారును మూడు మంగళవారాలుగా నా దగ్గరికే మోయిస్తోంది. లోపల టకటకా ఏదో కొట్టుకుంటోందట. నేను నీళ్ల డ్రమ్ములో పెట్టి తిప్పితే మహా బుద్ధిగా తిరుగుతుంది. పిస్టన్లు విప్పాను, బేరింగులు మార్చాను. ఎక్కడా లోపం లేదు.

"నీ చెవులకేమైనా తెగులా?" అందావిడ.

నాకు ఒళ్లు మండింది. బుధవారం తెల్లారగానే ఆమె పడవ నేనే ఎక్కాను. అలలు దాటామో లేదో, టక్ టక్ మొదలైంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. చప్పుడు పిస్టన్లలో లేదు, కింద గేర్లలోనూ లేదు. పైమూత దగ్గరుంది. మోటారు ఆపి మూత తీస్తే, లోపల తాడుతో కట్టిన గాజు సీసా!

ఒడ్డుకు రాగానే ఆవిడకి చూపించాను.

"ఇదేంటమ్మా?"

"పాస్టరుగారు ప్రార్థించిచ్చిన నూనె. మోటారుకు రక్ష. ప్రతి మంగళవారం విప్పి చర్చికి తీసుకెళ్తాను, మళ్లీ ప్రార్థన చేయించడానికి."

"ఇది పెట్టకముందు చప్పుడుందా?"

"లేదు. చిన్న సీసా పెట్టాక కొంచెం మొదలైంది. రక్ష చాలట్లేదనే కదయ్యా, ఇంత పెద్దది తెచ్చి పెట్టాను!"