తొమ్మిదో మనిషి

కోల్మన్ గావన్ సున్నం బండిని మూల జెండా దగ్గర తిప్పి, వెనక్కి చూసుకున్నాడు. గీత వంకర పోలేదు. మళ్ళీ తోశాడు. చక్రం మూడడుగులకోసారి కీచుమంటోంది. జూన్ నెల శనివారం, మధ్యాహ్నం మూడు దాటింది. సముద్రం వైపు నుంచి సన్నటి జల్లు వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది.

ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, దొడ్డికాళ్ళు, గాలికి కమిలిపోయిన మెడ. ముప్పై ఎనిమిదేళ్ళుగా సహకార సంఘం దుకాణంలో దాణా బస్తాలు ఎత్తే పని. ఎడమ భుజం బస్తాల కింద అణిగిపోయి కుడిదానికన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఎట్రాక్టాతో కలిసి ఉంటాడు. డ్రమీలా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గీతలు గీసేదీ, వలలు కట్టేదీ, ఆటకి ముందు రోజు ఇంటింటికీ ఫోన్లు చేసి మనుషుల్ని పోగు చేసేదీ ఆయనే.

ఐర్లండ్‌లో ఆడే ఈ ఫుట్‌బాల్‌లో జట్టుకి పదిహేను మంది. కుర్రతనంలో అంతమందీ ఉండేవాళ్ళు. కోల్మన్ పదహారో వాడు. కోటు కింద జెర్సీ వేసుకుని పదేళ్ళు బల్ల మీద కూర్చున్నాడు. ఆడిందంతా కలిపితే గంట ఉంటుందేమో. తర్వాత కుర్రాళ్ళు సిడ్నీకీ డబ్లిన్‌కీ పనులకి వెళ్ళిపోయారు. జట్టు పదమూడుకి దిగింది, పదకొండుకి దిగింది. ఈ ఏడు జిల్లా సంఘం వాళ్ళు అట్టడుగు తరగతికి తొమ్మిది మంది చాలన్నారు. అక్కడ, నలభై ఏళ్ళు ఆలస్యంగా, కోల్మన్‌కి చోటు దొరికింది. గోలు కాపలా.

కెప్టెన్ రోనన్ గేటు తెరుచుకుని వచ్చాడు. కరెంటు పని చేసుకునే ముప్పై రెండేళ్ళ వాడు.

"బాబాయ్, తొమ్మిది మందికి మైదానం కురచ చెయ్యమన్నారుగా. నువ్వు పాత గీతల మీదే గీస్తున్నావేంటి?"

"కురచ కావాలంటే వాళ్ళనే వచ్చి గీసుకోమను."

"ఇంత మేర మేం పరిగెత్తలేం."

"అయితే నడవండి," అన్నాడు కోల్మన్, బండి ఆపకుండానే.

రోనన్ నవ్వాడు గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మనుషులు చాలక ఈ ఏడు ఇప్పటికే రెండు ఆటలు వదులుకున్నారు. మూడోది వదులుకుంటే డ్రమీలా పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. ఆట మధ్యలో ఎనిమిదికి పడిపోయినా వదులుకున్నట్టే లెక్క.

"ఎంత మందిమి?" అన్నాడు రోనన్.

"నాతో కలిపి తొమ్మండుగురం. ఎవడికీ కాలు బెణక్కూడదు. బెణికినా నాకు చెప్పకూడదు."

ఆరు గంటలకి పొరుగూరి వాళ్ళు వచ్చారు, పన్నెండు మంది. ముగ్గుర్ని బయట కూర్చోబెట్టాలి. వాళ్ళ పెద్ద, మాలకీ అనేవాడు, చిన్నప్పుడు కోల్మన్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

"ఏం బావా, గోల్లో నువ్వేనా? పింఛను అక్కడికే తెచ్చివ్వమని పోస్టుమాన్‌కి చెప్పనా?"

"తెమ్మను. బంతిని మాత్రం లోపలికి రానివ్వను."

మాలకీ గొంతు తగ్గించాడు. "ఒరే, ఎన్నాళ్ళిలా ఈడుస్తావు? వచ్చే ఏడు మాతో కలిసిపోండి. రెండూళ్ళ పేర్లూ కలిపి పెడదాం."

"ముందు ఎవరి పేరు?"

"మాదే అనుకో."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

రిఫరీ, పట్నం బళ్ళో మాస్టరు, మైదానం పొడవు చూసి ఏదో అనబోయాడు. కోల్మన్ ముఖం చూసి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి సగంలోనే డ్రమీలా వెనకబడింది. రెండో సగంలో రోనన్ మూడు పాయింట్ల గోలు ఒకటి కొట్టి కాస్త నిలబెట్టాడు. ఇంకో పదిహేను నిమిషాలుందనగా, పొరుగూరి కుర్రాడొకడు దగ్గర్నుంచి బలంగా తన్నాడు. బంతి వచ్చి కోల్మన్ రొమ్ముకి తగిలి బయటికి ఎగిరింది. ఆయన గడ్డిలో వెల్లకిలా పడ్డాడు. ఊపిరి తిరిగి అందడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తెరిచేసరికి రిఫరీ, మాలకీ మీదికి వంగి ఉన్నారు.

"పెద్దాయనా, బయటికెళ్ళి కూర్చోండి," అన్నాడు రిఫరీ.

"వెళ్తే మేమెంత మందిమి?"

"ఎనిమిది."

"మరి ఎలా అంటున్నావయ్యా ఆ మాట?"

"మా వాణ్ణొకణ్ణి ఇస్తాను, ఆడించుకోండి," అన్నాడు మాలకీ. "మాస్టారు చూడనట్టు ఊరుకుంటాడులే."

కోల్మన్ అతని భుజం పట్టుకుని లేచాడు. "మీ వాడు మా జెర్సీ వేసుకుంటే మీ అమ్మ సమాధిలోంచి లేచొస్తుందిరా. పక్కకి జరుగు."

మిగిలిన ఆటంతా కుడి చేత్తో గోలు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు. పక్కటెముక నలిగిందనుకున్నాడు. ఇంకో రెండు బంతులు వచ్చాయి. ఒకటి మోకాళ్ళతో ఆపాడు, ఒకటి లోపలికి పోయింది. దానికి తనని తానే నాలుగు బూతులు తిట్టుకున్నాడు. ఈల మోగేసరికి డ్రమీలా ఏడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మైదానంలో మాత్రం తొమ్మిది మందీ ఉన్నారు.

మిగిలిన ఎనిమిది మందీ గంతులేస్తూ వచ్చి కోల్మన్ మీద పడ్డారు. మాలకీ బిత్తరపోయి చూశాడు. "ఓడిపోయి ఎగురుతారేంట్రా మీరు?"

"వచ్చే శనివారం కూడా మాకు ఆట ఉంది," అన్నాడు రోనన్.

అందరూ ఎట్రాక్టా పెట్టిన టీ బల్ల దగ్గరికి పోయారు. కోల్మన్ బూట్లు విప్పుకుని వస్తానని మైదానం పక్కన బట్టలు మార్చుకునే గదిలోనే ఉండిపోయాడు. బయట నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో ఆయన తిట్టుకున్న బూతులు వరసగా అనుకరిస్తున్నారు. ఆయనా నవ్వుకున్నాడు. వంగి ఒక బూటు ముడి విప్పాడు.

"ఒరేయ్, టీ చల్లారిపోతోంది," అంటూ ఎట్రాక్టా తలుపు తోసింది.

తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఆమె ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. మెడ మీద వేళ్ళు పెట్టి, అలాగే ఉంచి, తీసేసింది. నేల మీద కూర్చుని రెండో బూటు ముడి విప్పి, కాలి మేజోడు సరిచేసి, అప్పుడు రోనన్‌ని పిలిచింది.

మంగళవారం పాతిపెట్టారు. శవపేటిక మోయడానికి మాలకీ అడక్కుండానే వచ్చి భుజం పెట్టాడు. శనివారం ఆట వాయిదా వేస్తామని జిల్లా సంఘం వాళ్ళు కబురు పెట్టారు. అవసరం లేదని ఎట్రాక్టాయే ఫోనులో చెప్పింది. ఎన్నడూ బంతి ముట్టని పశువుల డాక్టరు తొమ్మిదో వాడిగా వచ్చి గోల్లో నిలబడ్డాడు. మళ్ళీ ఓడిపోయారు.

గది వెనక గోడకి కోల్మన్ సైకిలు వారం రోజులుగా ఆనించే ఉంది. కదపడానికి ఎవరికీ చేతులు రాలేదు. వారమంతా వాన. గొలుసు తుప్పు పట్టింది, చక్రాల కింద గడ్డి లేచింది. పోయిన శనివారం ఇంటికి వెళ్ళేటప్పుడు తడవకూడదని సీటుకి ఆయన తొడిగిన బ్రెడ్డు ప్లాస్టిక్ సంచి అలాగే ఉంది. దాని కింద సీటు పొడిగా ఉంది.