కింది వాటా హీటరు

కోర్టు గుమ్మంలోనే ఫోన్లు తీసేసుకున్నారు. అప్పటినుంచీ డార్లీన్ కోసిక్‌కి కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఈలోగా కింది వాటాలో ఏదైనా జరిగితే తనకెలా తెలుస్తుంది? మనిషి ఇంట్లో లేని పూటే అలాంటివి ముంచుకొస్తాయని ఆవిడ గట్టి నమ్మకం.

పక్కన బెంచీ మీద తొమ్మిదేళ్ల మార్నీ కాళ్లూపుతూ కూర్చుంది. ఎడమ మోచేతినుంచి వేళ్లదాకా కాలిన మచ్చ, ముడతలు పడి బిగుసుకుపోయింది. పిల్ల ఎదుగుతోంది, మచ్చ ఎదగదు. వేసవిలోపు ఇంకో ఆపరేషన్ చెయ్యకపోతే వేళ్లు ముడుచుకుపోతాయన్నారు డాక్టర్లు. రెండు చలికాలాల కిందట హాల్లో పెట్టుకున్న కరెంటు హీటరు దానంతటదే అంటుకుంది. దావా వేస్తే ఇన్నాళ్లకి హీటరు కంపెనీ రాజీకి దిగొచ్చింది. అయితే మైనరు పిల్ల పేరున రాజీ కాబట్టి పెద్దవాళ్లు సంతకాలు పెట్టేస్తే చాలదు, జడ్జి విని సరేననాలి. దానికోసమే ఇవాళ ఈ మంచులో స్క్రాంటన్ ఫెడరల్ కోర్టుకి వచ్చారు.

"అమ్మా, జడ్జి సుత్తి కొడుతుందా?"

"కొట్టదు. నోరు మూసుకుని కూచో."

"నువ్వు చేతి తొడుగు నములుతున్నావు."

నిజమే. ఉన్నిపోగు పళ్లలో ఇరుక్కుంది కూడా.

పొద్దున హోటల్లో కాఫీ తాగుతూ వాళ్ల లాయరు ప్రెస్టన్ పాఠం చెప్పినట్టు చెప్పాడు. "జడ్జి గారు వరసగా అడుగుతారు. కాగితం చదివారా, అర్థమైందా, పిల్లకిది మంచిదనుకుంటున్నారా అని. అన్నిటికీ అవునంటే చాలు. ఒత్తిడి చేశారా అన్నదానికి మాత్రం కాదనాలి. కథలు చెప్పకండి డార్లీన్ గారూ, మీకు కథలెక్కువ."

ఆవిడ తలూపింది. తలూపిందే గాని మనసంతా కింది వాటాలోనే ఉంది.

కిందటి నెల కింది వాటాలోకి కైలా అనే పిల్ల చంటివాణ్ణెత్తుకుని అద్దెకొచ్చింది. కొత్తగా వచ్చారు కదా అని డార్లీన్ గిన్నె నిండా హలుష్కీ, అదే, వెన్నలో వేయించిన క్యాబేజీ నూడుల్స్ పట్టుకెళ్లింది. ఉయ్యాల తొట్టి పక్కన కనబడింది అది. అదే కంపెనీ, అదే రకం హీటరు. ఎర్ర కన్నులా వెలిగే అదే దీపం. గిన్నె ఎలా కిందపెట్టిందో, ఇంటికెలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

అప్పటికే రాజీ కాగితం మీద సంతకమైపోయింది. కంపెనీ గురించి గానీ, ఆ హీటరు గురించి గానీ, మంటల గురించి గానీ ఎవరితోనూ మాట్లాడకూడదని అందులో షరతు. నోరు జారితే ఆపరేషనుకి వచ్చే డబ్బంతా పోయినట్టే. "ఊరికే ఎవరికైనా జాగ్రత్త చెప్పొచ్చా?" అని ప్రెస్టన్‌ని అడిగి చూసింది. "ఎవరికీ ఏదీ చెప్పకండి. పిల్ల చెయ్యి గుర్తు పెట్టుకోండి," అన్నాడు. ఉండబట్టలేక కిందికెళ్లి, "పడుకునేముందు హీటరు ఆపేసుకోమ్మా," అంది. "నా కరెంటు బిల్లు బెంగ నీకెందుకు డార్లీన్?" అని నవ్వేసింది కైలా. అప్పట్నుంచీ సాయంత్రమైతే చాలు, డార్లీన్ మోకాళ్ల మీద కూచుని నేలపలకల సందుల్లో పొగ వాసన వస్తోందేమోనని చూస్తోంది. మార్నీ చెయ్యా, కైలా కొడుకా? తల్లి అన్నది ఇలాంటి లెక్క వెయ్యొచ్చా?

జడ్జి ఆంబ్లర్ వచ్చి కూర్చుంది. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. ముందు మార్నీని దగ్గరికి పిలిచింది.

"నీ చెయ్యి చూపిస్తావా? ఇష్టమైతేనే."

"ముట్టుకోవచ్చు కూడా," అంది మార్నీ. "ఇప్పుడేం అంటుకోదు."

జడ్జి నవ్వబోయి, ఆ వేళ్లు చూసి ఆగిపోయింది. తర్వాత డార్లీన్ వంతు.

"ఈ ఒప్పందం పూర్తిగా చదివారా?"

"అవును యువరానర్."

"మీకు అర్థమైందా?"

"అవును."

"మీ అమ్మాయికిది మేలని నమ్ముతున్నారా?"

"అవును."

"దీనికి ఒప్పుకోమని ఎవరైనా మిమ్మల్ని ఒత్తిడి చేశారా?"

"అవును."

ప్రెస్టన్ చేతిలో కలం ఆగింది. అవతలి బల్ల దగ్గర కంపెనీ లాయరు ఓక్లీ తలెత్తాడు. అయిపోయింది, పిల్ల గొంతు కోసేశాను, అనుకుంది డార్లీన్.

"కాదు! కాదు యువరానర్, నోరు జారింది. ఇక్కడొక్కచోట కాదనమన్నారు, నేనే మర్చిపోయాను."

ప్రెస్టన్ కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు లాయరు గారి మాట వద్దు, మీ మాట చెప్పండి," అంది జడ్జి నెమ్మదిగా. "ఎవరు ఒత్తిడి చేశారు?"

"ఎవరూ లేరండీ. కింది వాటాలో హీటరుంది. సరిగ్గా ఆ హీటరే. పక్కనే చంటిపిల్లాడి తొట్టి. చెప్తే మా పిల్లకి ఆపరేషన్ లేదు. చెప్పకపోతే..."

ఓక్లీ లేచాడు. "యువరానర్, ఈవిడ ఒప్పందాన్ని ఇక్కడే మీ ఎదుటే మీరుతున్నారు."

"ఏ ఒప్పందం? నేనింకా సరేననలేదు కదా. నేననేదాకా ఈ పిల్ల విషయంలో అది ఉత్త కాగితం." జడ్జి కాగితాలు తిప్పింది. "ఈ షరతు తల్లికొక్కదానికే కాదు, పిల్లకి కూడా రాశారు. బళ్లో తోటి పిల్లలు నీ చెయ్యేమైందని అడిగితే ఈ తొమ్మిదేళ్లది ఏం చెప్పాలి ఓక్లీ గారూ?"

ఓక్లీ తన ఫైలు తిరగేశాడు. జడ్జి ఆగలేదు.

"పిల్ల మేలు చూడటం నా పని. ఈ షరతులో ఆ మేలు నాకెక్కడా కనబడలేదు. మీ ఒప్పందాన్ని నేను తిరగరాయలేను. షరతు తీసేస్తే ఇప్పుడే ఆమోదిస్తాను. మీ వాళ్లనడిగి రండి."

ఓక్లీ బయటికెళ్లాడు. గోడ గడియారం కేసి చూస్తూ డార్లీన్, ఒప్పుకుంటారు, ఒప్పుకోకేం చేస్తారు, అని మనసులో జపం చేసింది. కానీ అతను తిరిగొచ్చిన తీరు చూడగానే తెలిసిపోయింది.

"షరతు లేకుండా మా క్లయింటు రాజీకి రారు, యువరానర్."

"అయితే రాజీని తోసిపుచ్చుతున్నాను. అక్టోబరులో జ్యూరీ ఎదుట విచారణ." జడ్జి కళ్లద్దాలు దించి డార్లీన్‌ని చూసింది. "నా తీర్పు మీకు ఇవాళ బరువే. అది నాకు తెలీదనుకోకండి."

వరండాలో ప్రెస్టన్ కోటు తొడుక్కోలేక చెయ్యి విసిరాడు. "ఒకే ఒక్క కాదు! అంతకంటే ఏమడిగాను మిమ్మల్ని? జ్యూరీ పైసా ఇప్పించకపోవచ్చు. హీటరు మీద మీరే దుప్పటి ఆరేశారంటారు కంపెనీవాళ్లు."

"ఆరెయ్యలేదు."

"అంటారంటున్నాను. అక్టోబరు దాకా ఆ వేళ్లు ఆగుతాయా?"

డార్లీన్ మార్నీ కోటు గుండీలు పెట్టింది. "ఇప్పుడు నేను నోరు తెరవొచ్చా?" అని మాత్రం అడిగింది.

ప్రెస్టన్ ఎట్టకేలకి కోటు తొడుక్కున్నాడు. "తెరవండి. ఇక ఆపేదేం లేదు."

ఫోను చేతిలో పడగానే కైలాకి కొట్టింది. మోగుతోంది, ఎత్తదు. మళ్లీ కొట్టింది. ఎత్తదు. కారు మంచులో జారుతున్నా ఆగలేదు. వాళ్ల వీధి మలుపులో పొగ కనబడగానే ఇంకా వేగం పెంచింది.

"అది బేకరీ పొగమ్మా," అంది మార్నీ.

తలుపు బాదితే కైలా జుట్టు తుడుచుకుంటూ తీసింది. "స్నానం కూడా చెయ్యనివ్వవా? ఏం కొంపలంటుకున్నాయని?"

"అంటుకుంది. మాదే. ఇలాంటి హీటరుతోనే." డార్లీన్ ఆవిణ్ణి తోసుకుని లోపలికెళ్లి ప్లగ్గు పీకేసింది.

కైలా కోప్పడబోయింది. అప్పుడు కనిపించింది ఆవిడకి, గడప అవతలే నిలబడిపోయి లోపలికి అడుగుపెట్టని మార్నీ. మార్నీ తన చేతి తొడుగు తీసి ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

కైలా వెళ్లి తొట్టిలోంచి పిల్లాణ్ణెత్తుకుంది. వాణ్ణి దుప్పట్లో చుడుతూ, "మరి వీడికి చలి? ఓనరు ఈ వాటాకి వేడిచ్చే బాయిలరు బాగుచేయిస్తానని నెలనుంచీ చెప్తున్నాడు," అంది.

"పైకి రండి. బాగయ్యేదాకా మాతోనే ఉండండి. ఇరుకే, ఏం చేస్తాం."

హీటరుని తువ్వాలుతో పట్టుకుని డార్లీన్ మెట్ల మీదుగా పెరట్లోకి మోసుకెళ్లింది. మంచులో పెడితే సుయ్యిమని చుట్టూ కరిగింది. మార్నీ పై వాటా కిటికీలోంచి చూస్తోంది. ఆ వేళ్లు అద్దానికి ఆనించింది గాని, చివరి రెండూ చాపలేకపోయింది.