నెంబరు చెప్పు

"నెంబరు వచ్చిందా? చెప్పు" అని ముందుగదిలోంచి ఆయన కేకేస్తే, తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని ఫోనులోని ఆరంకెలూ చదివి వినిపించడం ఆమె ఇంటిపనుల్లో ఒకటి. గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, నెంబరు చదవడం. బ్యాంకులో డబ్బు కదిలినప్పుడల్లా ఆ నెంబరు ఆమె ఫోనుకే వస్తుంది. ఖాతా తెరిచిన రోజున ఆయన ఫోను రిపేరులో ఉండటం తప్ప దానికి వేరే కారణమేమీ లేదు. ఇన్నేళ్ళలో ఆ డబ్బు ఎక్కడికి పోతోందని ఆమె అడిగింది లేదు, ఆయన చెప్పింది లేదు. ఒకసారి కంగారులో ఒక అంకె తప్పు చదివితే, "డిగ్రీ చదువుతున్నావు, ఆరంకెలు చదవడం రాదా" అని ఆయన పడీపడీ నవ్వాడు.

అవును, ఆమె డిగ్రీ చదువుతోంది. అదీ ఫైనాన్సు. కూతురు హాస్టల్లో చేరాక ఖాళీ అయిన గదిలో ఇస్త్రీబల్ల వేసుకుందామా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ, యూనివర్సిటీ సాయంత్రం కోర్సుకు దరఖాస్తు పెట్టేసింది. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నేళ్ళూ ఒక మందుల కంపెనీలో క్యాషియరుగా చేసింది కాబట్టి అంకెలంటే జంకు లేదు. పాప పుట్టినప్పుడు, ఇద్దరూ ఉద్యోగాలకు పోతే ఇల్లెవరు చూస్తారని చుట్టాలంతా అడిగారు. అడిగినవాళ్ళంతా ఆమె వైపే చూశారు. ఉద్యోగం మానేసింది. ఆనాటి జీతంలో మిగిల్చిందంతా ఇద్దరి పేరు మీదా డిపాజిట్టుగా పడి ఉంది. అప్పుడప్పుడూ అది గుర్తొస్తే ఆమెకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

చదువుకుంటానంటే ఆయన కాదనలేదు. చెడ్డవాడేం కాదు. వానరోజుల్లో బస్‌స్టాపు దాకా గొడుగు పట్టుకొచ్చి ఎదురు చూసేవాడు. "వంట ఆలస్యం కాకుండా చూసుకో, ఆ తర్వాత ఏం చదువుకుంటావో నీ ఇష్టం" అన్నాడు. పెద్దకొడుకు దగ్గరుండే అత్తగారు ముక్కున వేలేసుకుని, ఈ వయసులో పుస్తకాల సంచీ ఏమిటే అంది. క్లాసులో పిల్లలు మొదటి ఏడాది ఆంటీ అని పిలిచి, రెండో ఏడాది ప్రమోషనిచ్చి అక్కను చేశారు.

మొదటి సెమిస్టర్లో సొంత బడ్జెట్టు రాసుకురమ్మన్నారు. నెలరోజుల ఖర్చు, ఎవరిది వాళ్ళు. ఆమె రాసినంత వివరంగా క్లాసులో ఎవరూ రాయలేదు. అద్దె, పాలు, అత్తగారి మందులు, కూతురి హాస్టలు, ఆయన స్కూటరు, ఆయన బూట్లు, ఆయన ఆఫీసులో ఎవరో రిటైరైతే ఇచ్చిన చందా. పాఠం చెప్పే అమ్మాయి, ఆమె కూతురికంటే నాలుగేళ్ళు పెద్దదేమో, కాగితం అటూఇటూ తిప్పి చూసి, "చాలా బాగుందండీ. ఇందులో మీ ఖర్చేది?" అని అడిగింది. ఆమె వెతికింది. 'ఇతరములు' అన్నదాంట్లో బస్‌పాసు దొరికింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు. తనమీద తను ఖర్చు పెట్టుకోకపోవడం పొదుపని అనుకుంటూ వచ్చింది. అక్కడ అసలు మనిషే లేదని కాగితం మీద చూసేదాకా తెలియలేదు.

ఆ సంగతి ఇంట్లో తేలిగ్గానే చెప్పింది. వంటకీ, ఇస్త్రీకీ, అత్తగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చున్నదానికీ మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో లెక్క వేస్తే బాగుండునని అంది. ఆయన దాన్ని జోకు చేసి, వచ్చినవాళ్ళందరికీ వినిపించాడు. "మా ఆవిడకి జీతమిచ్చుకునే స్తోమత నాకెక్కడిదండీ" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె లోపలికెళ్ళి కాఫీ కలిపేది.

చివరి ఏడాదిలో ఇన్వెస్ట్‌మెంట్ మేనేజ్‌మెంటు. ఆ సారు నెమ్మదస్తుడు, మాటకూ మాటకూ మధ్య ఒక కునుకు తీయొచ్చు. ఒక్కొక్కరికీ కంప్యూటర్లో ఒక ఖాతా, అందులో ఉత్తుత్తి డబ్బు. షేర్ల ధరలు మాత్రం నిజమైనవి. కొనండి, అమ్మండి, లాభం నాకక్కర్లేదు, ప్రతిదానికీ కారణం చెప్పగలిగితే చాలు, చివర్లో వైవాలో అదే అడుగుతానన్నాడాయన. మార్కుల్లో సగం దానికే.

ఆమెకు ఆ ఆట తెగ నచ్చేసింది. ప్రతి ఇంట్లోనూ అరిగిపోయే సబ్బు చేసే కంపెనీలో కొంత, తను పనిచేసిన రోజులనుంచీ తీరు తెలిసిన మందుల కంపెనీలో కొంత, ప్రభుత్వ బాండ్లలో కొంత పెట్టి, మిగతాది చేతిలో ఉంచుకుంది. ఒకేచోట కుమ్మరించకూడదని నేర్పారు కదా. కూరగాయలు తరుగుతూ కూడా ఆ కంపెనీల గురించే ఆలోచించేది. ఈ ఇంట్లో ఏ వస్తువు కొన్నా ఎవరికి నచ్చుతుంది, ఎవరు సణుగుతారు అని చూసుకుని కొన్న మనిషి, మొదటిసారి తనకి తోచింది కొంది. ఖాతా మెల్లగా పెరిగింది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే ఆయన, "నీ లెక్క కాస్త సరిచేశానోయ్" అన్నాడు. ఖాతా ఆయనే తెరిచిపెట్టాడు, పాస్‌వర్డు వాళ్ళ పెళ్ళిరోజు. ఆఫీసులో పక్కసీటాయన ఏదో బ్యాటరీల కంపెనీ గురించి చెవిలో ఊదాడట. ఆమెవన్నీ అమ్మేసి, మొత్తం అందులో పెట్టేశాడు. సబ్బులేమిటోయ్ ముసలమ్మలా, అని కూడా అన్నాడు. వారం తిరిగేసరికి ఆ కంపెనీ సగానికి పడింది.

"ఉత్తుత్తి డబ్బేగా. దానికింత బాధా?" అన్నాడు ఆయన. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ సారుతో నువ్వే చేశానని చెప్పు. మొగుడు చేశాడంటే నిన్నే నవ్వుతారు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఈ ఇల్లు ఆయనే చూసి, ఆ పూటే అడ్వాన్సిచ్చి వచ్చాడు. ఎండ రాదు, గోడలు చెమ్మ. అత్తగారు వచ్చి ఇదేం కొంపరా అని అడిగితే, "తనే ముచ్చటపడిందమ్మా" అన్నాడు, ఆమె ఎదురుగానే. ఆమె తలూపింది. ఆరోజు నుంచీ చుట్టాలందరి దృష్టిలో చీకటిల్లు కోరుకున్న ఇల్లాలు ఆమే. కలిసొచ్చినవి ఆయన తెలివితేటలు, బెడిసికొట్టినవి ఆవిడగారి ముచ్చట్లు. పెళ్ళినాటి నుంచీ నష్టాలన్నీ తన ఖాతాలోనే పడుతున్నాయని ఆమెకు ఆ రాత్రి అర్థమైంది. కోపం వచ్చింది. చాలాకాలం తర్వాత వచ్చిన కోపం కావడంతో దాన్నేం చేయాలో తెలియక, పొయ్యిగట్టు రెండుసార్లు తుడిచి పడుకుంది.

వైవా రోజున అబద్ధాన్ని చక్కగా బట్టీపట్టి వెళ్ళింది. బ్యాటరీలకు మంచి రోజులున్నాయి, ధర తక్కువనిపించింది, తొందరపడ్డాను. సారు సబ్బుల గురించి అడిగితే చెప్పింది, మందుల గురించి అడిగితే చెప్పింది, బాండ్ల దగ్గరికొచ్చేసరికి సారు తలూపుతున్నాడు కూడా.

"ఇంత ఆలోచించినవాళ్ళు ఒక్కరోజులో అన్నీ అమ్మేశారు. ఎందుకమ్మా?"

బట్టీపట్టినదంతా నోటిదాకా వచ్చింది. అది చెబితే సగం మార్కులైనా వస్తాయి. నిజం చెబితే ఖాతా ఇంకొకరి చేతిలో పెట్టిందని మొత్తం కొట్టేయవచ్చు, ఆ సెమిస్టరు మళ్ళీ చదవాల్సి రావచ్చు.

"అది నేను చేసింది కాదండీ. మావారు చేశారు" అంది.

సారు నవ్వలేదు. "ఆయన చేతికెలా వెళ్ళింది?"

"పాస్‌వర్డు ఆయనకి తెలుసండీ."

"మార్చుకోవచ్చు కదా."

"మార్చుకోవాలని తోచలేదండీ" అంది. తర్వాత తనే, "ఇందులో నా తప్పంటూ ఉంటే అదొక్కటే. మిగతాది నాది కాదు" అంది.

సారు చాలాసేపు రాసుకున్నాడు. ఆ అమ్మకానికి సున్నా వేసి, మిగతా కారణాలకు మార్కులిచ్చాడు. బొటాబొటిగా పాసైంది. బయటికొచ్చి మెట్లమీద కూర్చుంటే ఆమెకు ఏడుపొచ్చింది. అది బాధ మాత్రం కాదు. చెమ్మ గోడల్ని తను కోరుకోలేదని ఎట్టకేలకు ఎవరితోనో చెప్పినట్టుంది.

ఆ ఆదివారం పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి గిన్నెలు తోముకుంటోంది. ముందుగదిలో ఆయన ఉల్లాసంగా ఉన్నాడు. పడ్డప్పుడే కొనాలట, ఇంత చవగ్గా మళ్ళీ దొరకదట. ఉత్తుత్తి డబ్బుతో పోయినదాన్ని అసలు డబ్బుతో రాబడతానని నవ్వుతున్నాడు. ఆ అసలు డబ్బు ఎక్కడిదా అని ఆమె అనుకుంటుండగానే గట్టుమీద ఫోను మోగింది. డిపాజిట్టు రద్దుకు ఆరంకెలు. ఆమె క్యాషియరు జీతం.

"నెంబరు వచ్చిందా? చెప్పు."

ఆమె చేతులు తుడుచుకుంది. ఫోను తీసుకుని ముందుగదిలోకి వచ్చి, ఆయనకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. నెంబరు పట్టుకుని ఆమె ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారి.

"ఎందుకు రద్దు చేస్తున్నారు?"

"చెప్పాను కదోయ్, పక్కసీటాయన..."

"అది మనిషి. నేనడిగింది కారణం."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. ఆ కంపెనీ ఎవరిది, అప్పులెన్ని, ఎందుకు పడింది అని ఆమె మామూలు గొంతుతోనే అడిగింది. నామీద నమ్మకం లేదా అన్నాడు ఆయన. డిగ్రీ వచ్చేసరికి తలకెక్కిందన్నాడు. ఈలోపు గడువు దాటిపోయిందని స్క్రీను చెప్పింది. ఆయన మళ్ళీ నొక్కాడు. ఆమె చేతిలో ఫోను మళ్ళీ మోగింది.

"ఎన్నిసార్లయినా పంపించుకోండి" అంది ఆమె, ఫోను ఒళ్ళో బోర్లించి. "అది నేను పనిచేసి దాచుకున్న డబ్బు. కారణం చెప్పేదాకా నెంబరు చదవను."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వంటింట్లోంచి పాలు పొంగి స్టవ్ మీద పడ్డ చప్పుడు, వెనకే మాడువాసన. ఆయన ఆమె లేస్తుందని చూశాడు. ఆమె కుర్చీలో కాస్త వెనక్కి జారగిలబడింది. వాసన ఎక్కువయ్యాక ఆయనే లేచి వెళ్ళి, స్టవ్ ఏ వైపుకు తిప్పితే ఆరుతుందని అక్కణ్ణుంచి అడిగాడు.