డ్రిల్లు మోతలో నిద్ర

ఆ ఇంటి కోడలికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన ఏడాదిన్నర కూతురికి చెవులు వినపడవేమోనని. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని ఇంకో భయం. అందుకే చాలా రోజులు ఎవరితోనూ అనలేదు.

అయినా ఆ రోజుల్లో కూర్చుని భయపడటానికి తీరికెక్కడిది? ఇల్లంతా బాగుచేయిస్తున్నారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేసి రెండూ ఒకటి చెయ్యడం, పాత వైర్లు పీకేసి కొత్తవి లాగడం, స్నానాలగదిలో టైల్స్ మార్చడం. నెల రోజుల పైమాట. అద్దెకి ఇంకో ఇల్లు చూద్దామని భర్త అంటే, "ఎందుకండీ, ఇక్కడే ఉందాం, నేను సర్దుతాగా" అని ఒప్పించింది తనే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ చీకటి వంటింట్లో తడుముకుంటూ వండింది. ఇప్పుడు తన పొయ్యి ముందుకి కిటికీ వస్తోంది! ఎక్కడ పెట్టాలో మేస్త్రీ అడిగింది కూడా ఆమెనే. "మీరొచ్చి నిలబడండమ్మా, మీ కళ్ల ఎత్తుకి పెడతా" అన్నాడు. ఆ రోజంతా ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

వెనక గదిలో నలుగురి కాపురం సర్దేసింది. గుమ్మానికి తడిపిన పాత దుప్పటి వేలాడగట్టింది, దుమ్ము లోపలికి రాకుండా దానికే అంటుకుపోయేలా. తలుపు కింద సందులో తడిగుడ్డ చుట్టి పెట్టింది. మంచం కింద పెట్టెలు, మంచం మీద అత్తగారు, కిటికీ గట్టు మీద గిన్నెలు, వెనక వరండాలో పొయ్యి. హాల్లో తిరిగే చెప్పులు వేరు, గదిలో చెప్పులు వేరు. అవి కలిపేస్తే మొగుడికైనా చీవాట్లే.

"రైలు పెట్టెలో ఉన్నట్టుందే అమ్మాయ్," అంది అత్తగారు కాళ్లు బారజాపుకుని. "టీ కూడా వచ్చిందంటే ఇక దిగేదే లేదు."

"టికెట్టు ఉందా అత్తయ్యా?"

"నీ మొగుడే నా టికెట్టు. వాణ్ణి కన్నందుకు జీవితాంతం ఎక్కి కూర్చుంటా!"

పాపని ఇంట్లో అందరూ ఉడత అనేవారు. ఏది దొరికితే అది బుగ్గన దాచుకుంటుందని.

డ్రిల్లు మోత మొదలైన రోజు కిటికీ గట్టు మీద గ్లాసులు గజగజలాడాయి. అత్తగారు చెవుల్లో దూది కుక్కుకుంది. ఉడత మాత్రం బొటనవేలు నోట్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి, ఈ ఇంటికీ తనకీ సంబంధం లేనట్టు నిద్రపోయింది.

"బంగారం లాంటి పిల్లమ్మా, ఎంతలేసి పిల్లలు మా డ్రిల్లుకి దడుచుకుంటారో!" అన్నాడు మేస్త్రీ.

"దీని నాన్నా ఇంతే. ఇల్లు కూలినా పక్క దిగేవాడు కాదు," అంది అత్తగారు.

"పక్కింటి పిల్లాడు మన డ్రిల్లుకి వాళ్లింట్లో ఏడుస్తున్నాడు. మనమే అదృష్టవంతులం," అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, కళ్లు మాత్రం పాప మీంచి తిప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమెకి అదే పని. పాప వెనక చేరి మూకుడు మీద మూత పడేసేది. పాప తిరిగి చూసేది. హమ్మయ్య అనుకునేది. మర్నాడు పక్కనే కూర్చుని పిలిస్తే ఉడత తలెత్తేది కాదు. మళ్లీ గుండె జారేది. ఒక మధ్యాహ్నం బిస్కెట్ల డబ్బా మూత మెల్లిగా తీస్తే, నిద్రలో ఉన్న పిల్ల లేచి కూర్చుంది! అదే పిల్ల తర్వాతి రోజు గోడ బద్దలవుతున్నా కదల్లేదు. ఒక పూట వినపడి ఒక పూట వినపడని చెవులు ఎక్కడైనా ఉంటాయా? ఎనిమిదో తరగతితో బడి మానేసిన తను ఈ మాట డాక్టరుకి ఏమని చెప్పాలి? నవ్వి పంపేస్తే?

చివరికి ఒకసారి భర్తతో అననే అంది. "ఏవండీ, పాపకి సరిగ్గా వినపడుతోందంటారా?"

"చాక్లెట్ కాగితం చప్పుడైతే పక్కగదిలోంచి ఉరికొస్తుంది. దానికా వినపడనిది!" అని ఆయన కొట్టిపారేశాడు.

గోడ తీసేశాక కరెంటాయన దిగాడు. నలభై దాటిన మనిషి. ఎవరు మాట్లాడినా తల ఒక పక్కకి వంచి వినేవాడు. "కోడిపుంజు గింజని చూసినట్టు చూస్తాడేంటే," అని అత్తగారు గొణుక్కునేది. వైరు లాగే రోజున ఆయనతో వచ్చే మనిషి రాలేదు. పని ఆగిపోతే తన కిటికీ కూడా ఆగుతుందని ఆమె చెంగు బిగించింది. "నేను పట్టుకుంటా, ఎలాగో చెప్పండి అన్నయ్యా."

గోడలో పైపు హాలు నుంచి వెనక గది దాకా వెళ్తుంది. గదిలో ఉన్న మనిషి ఈ కొస నుంచి వైర్లు లోపలికి అందిస్తుంటే, హాల్లో ఉన్న మనిషి ఆ కొస నుంచి లాగాలి. ఒకరికొకరు కనపడరు. అంతా కేకల మీదే నడవాలి.

"వదలండి చెల్లెమ్మా... వదలండి... ఆగండి! మెలి పడింది!"

"విప్పేశా అన్నయ్యా, లాగండి!"

వైరు తన గుప్పిట్లోంచి సర్రున జారి గోడలోకి పోతుంటే ఆమెకి ఒళ్లు పులకరించింది. ఈ వైరుతోనే కదా తన కొత్త వంటింట్లో దీపం వెలిగేది! అత్తగారు మంచం మీంచే, "చేపలు పడుతున్నారా, కరెంటు పెడుతున్నారా?" అని నవ్వింది.

హాలుకీ గదికీ మధ్య నడవలో ఉడత వైరు చుట్టే ఖాళీ రీళ్లు దొర్లించుకుంటోంది. పిల్లకి ఎడమవైపు కరెంటాయన, కుడివైపు తల్లి.

"ఉడతమ్మా! మీ అమ్మని ఆగమను!" అని ఆయన సరదాగా కేకేశాడు. పిల్ల మొహం వెలిగిపోయింది. గబుక్కున తిరిగి చూసింది, కుడివైపుకి.

"అటు కాదు తల్లీ, ఇటు!"

మళ్లీ కుడివైపుకే. ఆ పక్కనున్న దుప్పటి ఎత్తి, దాని వెనక కూడా వెతికింది.

ఆయన కటింగ్ ప్లయర్ కింద పెట్టాడు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, పిల్లకి కనపడకుండా ఎడమ భుజం వెనక నిలబడి మెల్లిగా పిలిచాడు. చలనం లేదు. కొంచెం గట్టిగా పిలిచాడు. పిల్ల నవ్వుతూ కుడివైపు వెతికింది.

"చెల్లెమ్మా, వైరు వదిలేసి ఇలా రండి."

ఆ గొంతు వినగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. దుప్పటి తప్పించుకుని వచ్చి పిల్లని చంకనేసుకుంది. "ఏమైంది? ఏం మింగింది?"

"ఏమీ మింగలేదు. పడుకునేటప్పుడు పాప ఎటు తిరిగి పడుకుంటుంది?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే చెప్పింది. "గోడవైపు. కుడి చెంప దిండుకి ఆనించి."

"ఎప్పుడూ అంతేనా?"

బిస్కెట్ల డబ్బా తీసిన మధ్యాహ్నం ఆమెకి గుర్తొచ్చింది. ఆ రోజు గోడవైపు పెట్టెలు పెట్టి, పాపని ఇటు తిప్పి పడుకోబెట్టింది.

"నాకు ఎడమ చెవి పుట్టినప్పటి నుంచీ పని చెయ్యదు," అన్నాడాయన. "ఎవరు ఎటునుంచి పిలిచినా కుడి పక్కనుంచే పిలిచినట్టుంటుంది. బళ్లో మాస్టారు నన్ను పిలిస్తే, నేను కుడి పక్కన కూర్చున్నవాణ్ణి ఏంట్రా అనేవాణ్ణి. ఇద్దరికీ పడేవి! మీ పాపా అచ్చం అలాగే వెతుకుతోంది. నేను డాక్టర్ని కాదు, చూపించాల్సిందే. కానీ నాకేమనిపిస్తోందంటే, వినపడే చెవి దిండులో పెట్టుకుని పడుకుంటోంది. ఇక మా డ్రిల్లుని లెక్కచేస్తుందా?"

ఆమె పిల్లని గుండెకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం ఉడత ఎప్పటిలాగే గోడవైపు తిరిగి నిద్రపోయింది. తల్లి మంచం పక్కన కూర్చుంది. అత్తగారు చెవుల్లో దూది తీసేసి ముందుకి వంగింది. కరెంటాయన గుమ్మం అవతలే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఉడతా," అంది తల్లి. పిల్ల కదల్లేదు. ఇంకోసారి గట్టిగా అంది. లేదు.

అప్పుడు పిల్ల భుజం కింద చెయ్యి పెట్టి, గాజు బొమ్మని తిప్పినట్టు, మెల్లిగా ఇటు తిప్పింది. కుడి చెవి పైకి వచ్చింది. పిల్ల ఒకసారి వేలు చప్పరించి మళ్లీ గాఢనిద్రలోకి పోయేదాకా ఆగింది. ఆ తర్వాత, తనకే వినపడనంత మెల్లిగా అంది.

"ఉడతా."

కళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకోవడమే కాదు, నిద్ర చెడగొట్టినందుకు మూతి ముడిచి తల్లి వంక కోపంగా చూసింది.

"వింది! అత్తయ్యా, వింది! అన్నయ్యా, విందండీ!" ఆమె లేచి గంతేసింది. గిన్నెలన్నీ ఆ గంతుకే మోగాయి. ఆ చప్పుడికి పిల్ల కేరుమంది. ఆ ఏడుపు ఆమెకి ఎంత ఇంపుగా ఉందో!

"మరి ఒక చెవేనంటున్నాడు కదే," అంది అత్తగారు.

"ఒకటి ఉందత్తయ్యా! ఉంది! ఇన్నాళ్లూ ఒక్కటీ లేదేమోనని చచ్చాను నేను!"

ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్లారు. ఎలా చెప్పాలా అని భయపడ్డ ఆమె, డబ్బా మూత దగ్గర్నుంచి దిండు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వలేదు సరికదా, ఒక్కొక్కటీ రాసుకుంది. పరీక్షల్లో కుడి చెవి చక్కగా ఉందని, ఎడమ చెవికి వినపడటం లేదని తేలింది. మాటలొస్తాయి, బడికి పోతుంది, ఆ మంచి చెవిని మాత్రం పెద్ద మోతల నుంచి కాపాడుకోవాలి, చెప్పినప్పుడల్లా తీసుకొచ్చి చూపించాలి అంది డాక్టరమ్మ. భర్త మొహం వాడిపోయింది. దారి పొడుగునా, "నువ్వు అడిగిన రోజే నేను వినాల్సింది," అన్నాడు.

"ఇప్పుడు విన్నారుగా. పదండి, ఇంటి దగ్గర బోలెడు పనుంది!"

నిజంగానే బోలెడు పనయింది. సుద్దముక్క తీసుకుని భర్త, ఏ సామాను ఎక్కడ రావాలో హాలు నేల మీద కొత్తగా గీతలు గీశాడు. భోజనాల బల్ల దగ్గర అందరూ పాపకి కుడివైపే వచ్చేలా పిల్ల కుర్చీ ఎడమ చివరికి పోయింది. అత్తగారు తన మంచం ఈ మూల నుంచి ఆ మూలకి మార్పించింది. "దానికి కథలు చెప్పేది నేను. కుడి పక్క నాది, ఎవరూ పోటీకి రావద్దు," అని ముందే చెప్పేసింది. డ్రిల్లు పనులన్నీ పొద్దున రెండు గంటల్లో ముగించేలా మేస్త్రీతో మాట్లాడుకున్నారు. ఆ రెండు గంటలూ తల్లీకూతుళ్లు వీధి చివరి పార్కులో ఊయల ఎక్కేవారు. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏదో ఒక కొత్త వింత! ఒకరోజు టైల్స్, ఒకరోజు స్విచ్చులు, ఒకరోజు, ఇదిగో, కిటికీ.

కిటికీ బిగించిన రోజే ఆమె కరెంటాయన్ని నిలదీసింది.

"అన్నయ్యా, మీకున్నదీ ఒక్క చెవే కదా. ఎప్పుడు చూపించుకున్నారు?"

"ఎప్పుడో, చిన్నప్పుడు."

"మరి రోజంతా డ్రిల్లు ఆ చెవి పక్కనే పెట్టుకుంటారే! ఈమధ్య మీరు నాచేత రెండేసిసార్లు చెప్పించుకుంటున్నారు, నేను చూడటం లేదనుకున్నారా?"

ఆయన నవ్వాడు. "మీ ఇల్లు పూర్తవనీ చెల్లెమ్మా, వెళ్తా."

ఇల్లు పూర్తయింది. ఆమె ఫోన్ చేసింది. ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడట, అదయ్యాక వెళ్తాడట. మళ్లీ చేసింది. మళ్లీ ఇంకో ఇల్లు. ఆస్పత్రి చిరునామా రాసి భర్త చేత పంపింది. ఆ కాగితం ఆయన పనిముట్ల పెట్టెలో మడత విప్పకుండా అలాగే ఉందని, తర్వాతోసారి ఆయన్ని కలిసొచ్చిన భర్త చెప్పాడు.

ఇప్పుడాయన ఫోన్ కూడా ఎత్తడం లేదు, ఎవరింట్లో వైర్లు లాగుతున్నాడో తెలియదు. మీ ఇంట్లోనే కావచ్చు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మోచేతికి నల్ల టేపు చుట్ట గాజులా తొడుక్కుని తిరుగుతాడు. కాస్త టీ ఇచ్చి, డ్రిల్లు ఆపించి, చెవి చూపించుకున్నావా అని ఒక్కసారి అడగండి. రేపు వెళ్తానంటే నమ్మకండి. దయచేసి, మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.